జనవరిలో దిగే పిల్లలకి పాత కారు చాలు, టైర్లు మాత్రం చూసుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను 2008 నుంచి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బఫెలో పక్కన ఉంటున్నాను. న్యూయార్క్ అనగానే మనవాళ్లు ఆకాశాన్నంటే బిల్డింగులు అనుకుంటారు గానీ మేముండేది ఆ సిటీకి కారులో ఆరేడు గంటల దూరంలో, ఈరీ సరస్సు దగ్గర, వంతెన దాటితే కెనడా. పొద్దున్నే కాఫీ తాగుతూ మీ పత్రిక ఫోన్లో చదవడం అలవాటు. ఎప్పుడూ ఉత్తరం రాసింది లేదు, మొన్న మా అన్నయ్య చేసిన ఫోనుతో రాయాలనిపించింది.

వాళ్ల అబ్బాయికి ఇక్కడి యూనివర్సిటీలో జనవరి సీటు వచ్చింది. అన్నయ్య ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, అక్కడ మంచులో మామూలు కార్లు కదలవటగా, నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి తప్పనిసరి అంటున్నారు, లోను ఇంకో ఆరు లక్షలు పెంచమంటావా?" అన్నాడు. ఎవరు చెప్పారన్నయ్యా అంటే, పిల్లాణ్ణి పంపిస్తున్న కన్సల్టెన్సీ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట. ఇప్పటికే పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. వాడితో పాటు ఈ జనవరిలో ఇంకెంతమంది దిగుతారో, వాళ్ల ఇళ్లల్లో కూడా ఇదే లెక్క నడుస్తూ ఉంటుంది కదా, అందుకే ఈ ఉత్తరం.

నా మొదటి కారు 2004 టయోటా కరోలా. 2009లో, అప్పటికే లక్షా పన్నెండు వేల మైళ్లు తిరిగినది, 4,800 డాలర్లకి కొన్నాను. ముందు చక్రాలు మాత్రమే లాగే మామూలు సెడాన్. తొమ్మిది చలికాలాలు నడిపాను. బఫెలోలో మామూలు ఏడాదిలోనే ఎనిమిది అడుగుల దగ్గర దగ్గర మంచు పడుతుందంటే నమ్మండి.

ముందు చక్రాలు లాగే కారు మంచుకి పనికిరాదనే మాట ఎక్కడ పుట్టిందో గానీ, మన ఊళ్లల్లో అంబాసిడరూ మారుతి 800 రెండూ నడిపినవాళ్లని అడిగితే సగం జవాబు వాళ్లే చెప్తారు. మా నాన్న దగ్గర అంబాసిడర్ ఉండేది. వానాకాలం మా పుంతరోడ్డులో దాని వెనక చక్రాలు దిగబడి గిర్రున తిరిగేవి, తోక ఇటోసారి అటోసారి ఊగేది, నలుగురం దిగి తోసేవాళ్లం. పక్కింటి మాస్టారి మారుతి మాత్రం అదే బురదలో పాకుతూ పాకుతూ బయటపడిపోయేది. దాన్లో లాగేవి ముందు చక్రాలు, ఇంజనూ గేర్‌బాక్సూ వాటి మీదే కూర్చుంటాయి, ఆ బరువుకి చక్రం నేలని పట్టుకుంటుంది. అంబాసిడర్లో ఇంజన్ ముందు, లాగుడు వెనక. మంచులోనూ అంతే.

అయితే దీనికో తిరకాసు ఉంది, అది నాకు 2010 జనవరిలో బాగా అర్థమైంది. ఆ ముందు రెండు చక్రాలే లాగాలి, అవే తిరగాలి, బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ అవే. ఒకేసారి మూడూ చెయ్యమంటే చేతులెత్తేస్తాయి. ఆ సాయంత్రం మా ఆవిణ్ణి డాక్టరు దగ్గర నుంచి తీసుకొస్తున్నాను, రోడ్డు మీద ఓ రెండంగుళాలు పడింది, అంతే. స్పీడు ఇరవై అయిదు మైళ్లు కూడా లేదు. ఎడమకి తిరగాలని స్టీరింగ్ తిప్పాను. కారు తిరగలేదు. ఇంకా తిప్పాను, పూర్తిగా తిప్పేశాను, చక్రాలు అడ్డంగా తిరిగి ఉన్నాయి, కారు మాత్రం పడవలా తిన్నగా పోతోంది. కంగారులో బ్రేకు నేలకి తొక్కాను, దాంతో ఉన్న కాస్త పట్టూ పోయింది. "ఏవండీ, ఏవండీ" అంటూనే ఉంది తను. టప్పుమని ఫుట్‌పాత్ గట్టుకి కొట్టుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ రిమ్ము వంగింది, లోపల ఇంకో రాడ్డు వంగింది, బిల్లు 640 డాలర్లు.

ఆ రిపేరు చేసిన ముసలి మెకానిక్ నన్నేమీ తిట్టలేదు. జేబులోంచి పావు డాలర్ నాణెం తీసి, వాషింగ్టన్ బొమ్మ తలకిందులుగా పెట్టి టైరు గాడిలో గుచ్చాడు. తల పైభాగం మొత్తం బయటే కనిపిస్తోంది. అలా కనిపిస్తే గాడి లోతు అంగుళంలో ముప్ఫై రెండో వంతులు నాలుగు కూడా లేనట్టు, అంటే మన లెక్కలో మూడు మిల్లీమీటర్ల చిల్లర. అంతకన్నా తక్కువైతే మంచుని కోసే పని ఆ టైరు చెయ్యలేదు. మరి ఏటా జరిగే ఇన్‌స్పెక్షన్‌లో కారు పాసైంది కదా అన్నాను. దానికి ఆ ముప్ఫై రెండో వంతులు రెండు ఉంటే చాలట, అంటే 1.6 మిల్లీమీటర్లు. అద్దం మీద స్టిక్కర్ ఉంది కదా అని నిశ్చింతగా తిరిగాను, టైర్లు చూస్తే బోడిగుండ్లు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. అమ్మేటప్పుడు కారుకి ఉండేవి ఎక్కువగా ఆల్ సీజన్ టైర్లు. పేరు అలా ఉంది గానీ 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన చపాతీ పిండిలాగా. వింటర్ టైర్ల రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉంటుంది, పైగా వాటి మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు వందల్లో ఉంటాయి, అవే మంచుని పట్టుకునేది. గుర్తుపట్టడం తేలిక, టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటుంది. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు లేకుండా తిరగడం నేరం. మా న్యూయార్క్‌లో అలాంటి చట్టం లేదు, అందుకే ఎవరూ చెప్పరు.

పాత కార్లు విప్పి అమ్మే యార్డులో నాలుగు ఇనుప రిమ్ములు, వాటికి నాలుగు వింటర్ టైర్లు, అప్పట్లో అన్నీ కలిపి 520 డాలర్లయ్యాయి నాకు. నవంబర్లో ఎక్కించడం, ఏప్రిల్లో దించడం, అయిదారు చలికాలాలు వచ్చాయి. నాలుగూ మార్చాలండీ, రెండు కాదు. డబ్బు మిగులుతుందని ముందు రెండే వేయించుకునే పిల్లల్ని ఇప్పటికీ చూస్తుంటాను. ముందు చక్రాలు పట్టేసి వెనకవి జారితే పల్లంలో బ్రేకు కొట్టగానే తోక చుట్టూ తిరిగి ముందుకొచ్చేస్తుంది, అది నేను గట్టుకి గుద్దిన దానికంటే ప్రమాదం.

ఇక ఆ పెద్ద బండి సంగతి. ఆల్ వీల్ డ్రైవ్ దండగ అనను. కొండ ఎక్కాలన్నా, ఊడ్చని వీధిలోంచి పొద్దున్నే బయటపడాలన్నా అది బాగా పనికొస్తుంది, ఎత్తు కూడా ఉంటుంది, నా కరోలాకి పొట్ట నేలకి జానెడు ఎత్తు కూడా ఉండేది కాదు కాబట్టి అడుగు మంచులో పొట్ట ఆనుకుని చక్రాలు గాల్లో తిరిగిన రోజులున్నాయి. కానీ అది కదలడానికి. ఆపడానికి అన్ని కార్లకీ నాలుగు చక్రాలకే బ్రేకులు, అన్నీ టైర్ల మీదే ఆధారం. బాగా కదులుతోంది కదా అని స్పీడు పెంచేస్తారు. ప్రతి ఏడూ మొదటి మంచు పడ్డ రోజు హైవే పక్క గుంటలో పడి ఉన్న బండ్లు చూడండి, అందులో పెద్దవి తక్కువేం ఉండవు.

నడపడం గురించి మా అన్న కొడుక్కి నేను చెప్పేది ఒక్కటే, నెత్తిన నీళ్ల బిందె ఉన్నట్టు నడపరా అని. మలుపులో బ్రేకు వెయ్యకూడదు, తిన్నగా వెళ్తుండగానే వేసి తగ్గించుకుని, కాలు తీసి అప్పుడు తిప్పాలి. ముందు చక్రాలు జారాయా, నాలాగా ఇంకా తిప్పకూడదు, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కాస్త వెనక్కి ఇచ్చి ఒక్క క్షణం ఆగితే పట్టు దానంతటదే దొరుకుతుంది. చెప్పడం తేలిక, ఆ క్షణం ఆగడానికే గుండె ఒప్పుకోదు. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులున్న కారులో బ్రేకు తొక్కితే పాదం కింద గరగరమని కొట్టుకుంటుంది, ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు, తియ్యకూడదు. నా కరోలాకి ఏబీఎస్ లేదు, చక్రాలు బిగుసుకుంటే వదిలి మళ్లీ తొక్కాల్సి వచ్చేది. కారు జారి పక్కకి తిరక్కుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఇక్కడ 2012 మోడల్ నుంచే తప్పనిసరి, కాబట్టి అంతకన్నా పాతది కొనేవాళ్లు అది ఉందో లేదో అడిగి తెలుసుకోండి. వంతెనల మీద మాత్రం మరీ జాగ్రత్త, కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి అవే ముందు గడ్డకడతాయి, రోడ్డు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది.

దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేస్తూ చక్రం తిప్పొద్దు, ఆ వేడికి మంచు కరిగి అద్దంలా గడ్డకడుతుంది. పారతో చక్రాల ముందూ వెనకా తవ్వి, ముందుకో జానెడు వెనక్కో జానెడు ఊపాలి, చక్రం ఊరికే గిర్రున తిరక్కుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే ఆ కాసేపు ఆపేసుకోవాలి. చక్రం కింద కారులోని మ్యాట్లు వెయ్యొచ్చు. నేనైతే పెంపుడు పిల్లుల డబ్బాలో పోసే మట్టి సంచి ఒకటి డిక్కీలో పెట్టుకుంటాను. ఇది చెప్తే అన్నయ్య పడీ పడీ నవ్వాడు, "మనం ఎడ్లబండికి వరిగడ్డీ గోనెసంచులూ వేసినట్టేగా" అని. అంతే మరి. అలా దిగబడి ఇంజన్ ఆన్‌లో ఉంచి కారులో కూర్చునేటప్పుడు మాత్రం ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి, అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారులోకే వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

పాత కారు కొనేటప్పుడు మనవాళ్లు మైళ్లు చూస్తారు, సీట్లు చూస్తారు. ఇక్కడ కారు కింద పడుకుని చూడాలి. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది అడుగు భాగాన్ని చెదలు తిన్నట్టు తినేస్తుంది. బ్రేకు ఆయిల్ పోయే ఇనుప గొట్టాలు తుప్పు పట్టి ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. అందుకే ఉప్పు చల్లని అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన కారైతే ఇంకో అయిదొందలు ఎక్కువిచ్చినా నష్టం లేదంటాను. అద్దం కడిగే డబ్బాలో మన ఊళ్లోలాగా మంచినీళ్లు పొయ్యకండి, గడ్డకట్టి పగిలిపోతుంది. ముందు అద్దం మీద వేణ్ణీళ్లు అసలే వద్దు. మా ఫ్రెండు ఒకడు చెంబుడు పోశాడు, ఆ చివర నుంచి ఈ చివర దాకా పగిలింది.

ఇన్ని టైర్లు వేసుకున్నా నేను కారు తియ్యని రోజులున్నాయి. 2022 డిసెంబర్ 23న ఇక్కడ తుఫాను మొదలైంది, కారు నడపడమే నిషేధించారు. గాలికి మంచు లేచి ముందు బానెట్ కూడా కనిపించదు. ఆ క్రిస్మస్‌కి మా చుట్టుపక్కల 47 మంది చనిపోయారు, వాళ్లలో కొందరు కార్లలో ఇరుక్కునే పోయారు. చల్లగాలి వెచ్చటి సరస్సు నీళ్ల మీదుగా వస్తూ తేమ లాక్కుంటుంది, దాంతో మంచు ఒక సన్నటి పట్టీలాగా కొన్ని ఊళ్ల మీదే కురుస్తుంది ఇక్కడ, 2014 నవంబర్లో దక్షిణం వైపు ఊళ్లు అయిదారడుగుల్లో మునిగాయి, ఉత్తరాన మాకు అంగుళాల్లోనే సరిపోయింది. అంటే మన కిటికీలోంచి ఎండ కనిపిస్తోందని అరగంట దూరం బయల్దేరకూడదు.

సంపాదకుడు గారూ, మీకు ఒక విన్నపం. చలికాలం వస్తే మీ ప్రవాస పేజీలో మంచులో కూరుకుపోయిన కార్ల ఫొటోలు వేస్తారు, అవి చూసే ఊళ్లో అమ్మానాన్నలు హడలిపోయేది, ఆ హడలుతోనే లోన్లు పెంచేది. ఆ ఫొటో పక్కన టైరు మీది ఆ మంచు రేకు గుర్తు కూడా ఒకటి వెయ్యండి. విమానం ఎక్కే ముందు పిల్లలకి క్లాసులు పెట్టే కన్సల్టెన్సీల వాళ్లు కుక్కరు తెచ్చుకో, ఆవకాయ సీలు వేయించుకో అని గంటసేపు చెప్తారు, దీని గురించి ఒక్క ముక్క చెప్పరు.

మా వాడు జనవరి రెండో వారంలో దిగుతున్నాడు. లైసెన్సు పని అవ్వగానే ఓ ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ పార్కింగ్ స్థలం చూసి, అక్కడ కావాలనే జారించి, కావాలనే బ్రేకు కొట్టించి, కారు మాట వినకపోతే ఎలా ఉంటుందో ముందే రుచి చూపిస్తాను. టైర్ల డబ్బు బాబాయిగా నేనే పెడతానని చెప్పాక అన్నయ్య లోను పెంచనని ఒప్పుకున్నాడు. వదినే ఇంకా దారికి రాలేదు, "పెద్ద బండైతే పిల్లాడు కాస్త ఎత్తులో కూర్చుంటాడుగా" అంటోంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
బఫెలో దగ్గర, న్యూయార్క్ రాష్ట్రం