యూఎన్‌సీ షార్లెట్ (షార్లెట్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీ) అథ్లెటిక్స్ డైరెక్టర్ గారికి: మా పక్క హైస్కూల్ కుర్రాణ్ణి తీసుకోండి, స్టేడియానికి మేం వస్తాం

డైరెక్టర్ గారికి నమస్కారం,

ఇదే ఉత్తరం ఇంగ్లీష్‌లో మీ ఆఫీసుకి మెయిల్ చేశాను, ఇక్కడ తెలుగులో ఎందుకు పెడుతున్నానంటే ఇందులో సగం మాట మీతో, సగం మా వాళ్ళతో. యూనివర్సిటీ సిటీ, హారిస్‌బర్గ్, కాంకర్డ్, అటు కిందకి బ్యాలంటైన్ దాకా ఎన్ని తెలుగు ఇళ్ళున్నాయో మీకు తెలిసే ఉంటుంది, మీ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ క్లాసులో ఒక రోజు వెనక బెంచీలో కూర్చుంటే ఇంకా బాగా తెలుస్తుంది. మా వాళ్ళ కోసం ముందే చెప్తున్నా, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్ పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

నేను అడిగేది ఒక్కటే. స్టేడియం నింపడం ఒక పని, ప్లేయర్లని తెచ్చుకోవడం ఇంకో పని అని విడివిడిగా చూడకండి సర్, మీలాంటి కొత్త ప్రోగ్రామ్‌కి ఆ రెండూ ఒకటే పని.

కొత్త అని ఎందుకంటున్నానంటే 2013లో మొదలైన టీమ్ ఈ రాష్ట్రంలో ఇంకా పసిబిడ్డే. చాపెల్ హిల్‌లోని పాత యూఎన్‌సీ వాళ్ళు 1888 నుంచి ఆడుతున్నారు, బూన్‌లో యాప్ స్టేట్ (అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళు 1928 నుంచి ఆడుతున్నారు, 2007లో మిషిగన్‌ని వాళ్ళ ఊళ్ళోనే ఓడించి వచ్చినోళ్ళు. తాత టార్ హీల్ (చాపెల్ హిల్ టీమ్ వాడు), తండ్రి టార్ హీల్ అయిన ఇంట్లో పిల్లాడు పుట్టకముందే వాడి చొక్కా రంగు డిసైడ్ అయిపోయి ఉంటుంది, ఆ ఇంటికి మీరు ఎన్ని పోస్టర్లు పంపినా లాభం లేదు, మీ మార్కెటింగ్ డబ్బులు అక్కడ పెట్టొద్దు. పైగా డౌన్‌టౌన్‌లో 1996 నుంచి ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) టీమ్ పాంథర్స్ ఆడుతున్నారు, ఆదివారం వాళ్ళది.

కానీ షార్లెట్ మొత్తం అలాంటి ఇళ్ళు కాదు కదా. బ్యాంకు ఉద్యోగాలకి న్యూయార్క్ నుంచి, ఒహాయో నుంచి వచ్చినోళ్ళు, హైదరాబాద్ నుంచి విజయవాడ నుంచి వచ్చిన మేము, మెక్సికో నుంచి నైజీరియా నుంచి వచ్చినోళ్ళు, మా అందరిదీ ఒకటే పరిస్థితి, ఈ రాష్ట్రంలో మాకు వారసత్వంగా వచ్చిన కాలేజీ టీమ్ లేదు. మా పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడి స్కూళ్ళకి వెళ్తున్నారు, వాళ్ళకి ఏదో ఒక టీమ్ కావాలి, మీ స్టేడియం మా ఇళ్ళకి పదిహేను నిమిషాలు. 2018 మార్చి నుంచి బ్లూ లైన్ రైలు క్యాంపస్ లోపలికే వస్తోంది. ఫ్యాన్స్ కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, పక్క వీధిలోనే ఉన్నాం.

ఇప్పుడు ప్లేయర్ల సంగతి. మీ టీమ్ మంచి రోజులు ఏవో ఒకసారి గుర్తు చేసుకోండి. 2019లో ఏడు మ్యాచ్‌లు గెలిచి మొదటిసారి బౌల్ గేమ్‌కి, అంటే సీజన్ అయ్యాక బాగా ఆడిన టీమ్‌లకి పెట్టే మ్యాచ్‌కి వెళ్ళాం, బహామాస్ బౌల్‌లో బఫలో చేతిలో ఓడిపోయాం అనుకోండి, అయినా అప్పటికి ప్రోగ్రామ్ వయసు ఏడో సీజనే. 2021 సెప్టెంబర్‌లో మన గ్రౌండ్‌లో డ్యూక్‌ని 31–28 తో ఓడించాం, పెద్ద కాన్ఫరెన్స్ (లీగ్) టీమ్ మీద మొదటి గెలుపు అది, చివరి నిమిషంలో టచ్‌డౌన్ పడితే జనం గ్రౌండ్‌లోకి దూకేశారు. ఆ రోజుల్లో ఆడినోళ్ళు ఎవరు? క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) క్రిస్ రేనాల్డ్స్ మాక్స్‌విల్ కుర్రాడు, ఇక్కడికి గంట దారి, స్కాలర్‌షిప్ లేకుండా వాక్ ఆన్‌గా వచ్చాడు. 2019 టీమ్‌లో రన్నింగ్ బ్యాక్ (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) బెన్నీ లెమే, పక్కనే మాథ్యూస్‌లో బట్లర్ హైస్కూల్ నుంచి వచ్చినోడు, వరసగా రెండు సీజన్లు వెయ్యి గజాలు దాటించాడు. అదే 2019లో 15 శాక్‌లు (బాల్ విసిరేలోపే అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) కొట్టిన అలెక్స్ హైస్మిత్ విల్మింగ్టన్ నుంచి వాక్ ఆన్‌గా వచ్చినోడే, తర్వాత 2020 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ప్లేయర్లని ఎంచుకునేది) మూడో రౌండ్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తీసుకున్నారు. ముగ్గురూ నార్త్ కరోలినా పిల్లలే, పెద్ద స్కూళ్ళు (అంటే యూనివర్సిటీలు) వద్దనుకున్న పిల్లలే. మన మంచి రోజులన్నీ వాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే, ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోవట్లేదు.

ఇప్పుడు రూల్స్ మారిపోయాయి, తెలుసు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరు పెట్టుకునే లిస్టు) వచ్చాక కుర్రాడు ఈ సీజన్ ఇక్కడ, వచ్చే సీజన్ ఇంకో చోట. 2021 జులై నుంచి ప్లేయర్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 జూన్‌లో కోర్టు ఓకే చేసిన సెటిల్‌మెంట్‌తో స్కూళ్ళే నేరుగా డబ్బు ఇవ్వచ్చు. ప్లేయర్లకి డబ్బు రావడం న్యాయమే, దాని మీద నాకు ఏ కంప్లైంటూ లేదు, ఒళ్ళు హూనం చేసుకునేది వాళ్ళు. కానీ ఫ్యాన్ వైపు నుంచి చూడండి, ప్రతి ఆగస్టులో టీమ్‌లో సగం పేర్లు కొత్తవైతే మా అబ్బాయి ఎవరి జెర్సీ కొనుక్కోవాలి? పోయినేడు కొన్న నంబర్ ఈ ఏడు వేరే రాష్ట్రంలో ఆడుతుంటే పదేళ్ళ పిల్లాడికి ఏం చెప్పాలి? అదే ఆ కుర్రాడు మల్లార్డ్ క్రీక్ హైస్కూల్ నుంచి వచ్చినోడైతే వాళ్ళమ్మ మాకు గ్రోసరీ స్టోర్‌లో కనపడుతుంది, వాళ్ళ తమ్ముడు మా పిల్లాడి బస్సులో వస్తాడు, అలాంటోణ్ణి చూడ్డానికి మేం ఓడిపోయే మ్యాచ్‌కైనా వస్తాం. ఓడిపోయేటప్పుడు కూడా వచ్చేవాళ్ళే కదా కొత్త టీమ్‌కి కావాల్సింది, గెలిచేటప్పుడు ఎవరైనా వస్తారు.

పొరుగింటి పుల్లకూర రుచి అని మా దగ్గర ఒక సామెత ఉంది. పోర్టల్‌లో ఎక్కడో పెద్ద స్కూల్ బెంచీ మీద కూర్చున్న కుర్రాడి పేరు వినడానికి బావుంటుంది, కానీ ఈ కౌంటీలో ఫుట్‌బాల్ ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు, ఇండిపెండెన్స్ హైస్కూల్ వరసగా 109 మ్యాచ్‌లు గెలిచింది ఇక్కడే, మల్లార్డ్ క్రీక్ 2013, 14, 15 మూడేళ్ళూ స్టేట్ ఛాంపియన్. మయర్స్ పార్క్ నుంచి డ్రేక్ మే, మన్రోలో సన్ వ్యాలీ నుంచి శామ్ హవెల్, ఇద్దరూ చాపెల్ హిల్ వెళ్ళిపోయారు, అలాంటి స్టార్ పిల్లల్ని ఆపడం ఇప్పట్లో మీ వల్ల కాదు, ఆపమని అడగట్లేదు కూడా. నేను చెప్పేది వాళ్ళ పక్కన ఆడిన పిల్లల గురించి, రెండు అంగుళాలు పొట్టి అనో, పదిహేను పౌండ్లు తక్కువ అనో ఎవరూ ఫోన్ చేయని పిల్లల గురించి. సెటిల్‌మెంట్‌లో చేరిన స్కూళ్ళకి ఇప్పుడు రోస్టర్, అంటే టీమ్‌లో ప్లేయర్లు, మొత్తం 105 దాటకూడదు, ముందు 85 స్కాలర్‌షిప్‌ల మీద వాక్ ఆన్‌లు ఇంకా బోలెడు మంది ఉండేవాళ్ళు, ఆ చోటు తగ్గిపోయింది. రేనాల్డ్స్, హైస్మిత్ ఇద్దరూ ఆ చోటులోంచే వచ్చారు. అందుకే అడుగుతున్నా, ఆ 105లో కొన్ని సీట్లు చుట్టుపక్కల కౌంటీల పిల్లల కోసమే అని ముందే పక్కన పెట్టండి, కోచ్ ఎవరు మారినా ఆ మాట మారకుండా చూడండి. 2013 నుంచి హెడ్ కోచ్‌లు లాంబర్ట్, హీలీ, పోగీ, ఆల్బిన్ అని నలుగురయ్యారు, వచ్చిన ప్రతి కోచ్ తన పరిచయాల ఊళ్ళ నుంచి పిల్లల్ని తెచ్చుకుంటాడు, అది సహజం, కానీ హైస్కూల్ కోచ్‌లతో స్నేహం మాత్రం యూనివర్సిటీ పేరు మీద ఉండాలి, ఒక మనిషి ఫోన్‌లో ఉండకూడదు.

శుక్రవారం రాత్రి ఏదైనా హైస్కూల్ మ్యాచ్‌కి మీరు ఫ్యాన్ లాగా రండి సర్, స్కౌట్ లాగా కాదు. ప్లేయర్ల అమ్మలు కొడుకు ఫోటో ఉన్న పెద్ద బటన్ బ్యాడ్జి గుండె మీద పెట్టుకుని వస్తారు, కొడుకు నంబర్ వినపడగానే ఆ బ్యాడ్జిని చేత్తో పట్టుకుని లేస్తారు. కింద కన్సెషన్ స్టాండ్‌లో నాచోస్ మీద చీజ్ పోస్తున్న వాలంటీర్లలో మా వాళ్ళు కనిపిస్తారు, ఆశ్చర్యపోకండి, మా పిల్లలు మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్, ట్రంపెట్ వాయిస్తారు, బ్యాండ్ బూస్టర్స్ కింద తల్లిదండ్రులు స్టాండ్‌లో డ్యూటీ చేయాలి, ఆ డబ్బుతోనే బ్యాండ్ యూనిఫామ్‌లు వస్తాయి. మా అమ్మాయి క్లారినెట్, నేను ఆ స్టాండ్‌లో హాట్ డాగ్‌లు చుట్టేవాణ్ణి. మా వాళ్ళలో చాలామంది ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటిసారి చూసేది అక్కడే, హాఫ్‌టైమ్‌లో పిల్ల వాయించేది చూడ్డానికి వచ్చి మిగతా సగం కూడా కూర్చుండిపోతారు.

కాబట్టి బ్యాండ్ డే పెట్టండి. చాలా కాలేజీలు చేసేదే, చుట్టుపక్కల హైస్కూల్ బ్యాండ్‌లన్నిటినీ ఒక శనివారం పిలిచి హాఫ్‌టైమ్‌లో మీ బ్యాండ్‌తో కలిపి ఒకే పాట వాయించనివ్వండి. ఒక్కో పిల్లకి అమ్మా నాన్నా, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తమ్ముడు, నలుగురు లెక్కేసుకోండి. పదిహేను వేల పైన సీట్లున్న స్టేడియం అది, ఆ ఒక్క రోజుకి టికెట్ అమ్మడానికి మీరు ఒక్క యాడ్ కూడా వేయక్కర్లేదు.

ఏ శనివారం అన్నది మాత్రం కొంచెం చూసుకోండి. వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ మీ సీజన్‌లోనే వస్తాయి, మా అసోసియేషన్ ఫంక్షన్లు అన్నీ శనివారమే పెడతారు, హాల్ బుకింగ్ నెలల ముందే అయిపోతుంది. మీ కిక్ ఆఫ్ టైమ్ చాలా మ్యాచ్‌లకి టీవీ వాళ్ళు రెండు వారాల ముందు గానీ చెప్పరు, అది మీ చేతిలో లేదని తెలుసు, అయినా డేట్‌లు ముందే వస్తాయి కదా, షెడ్యూల్ రాగానే ఊళ్ళో సంఘాలకి ఒక మెయిల్ పడేస్తే మేం కూడా మా ఫంక్షన్ అటో ఇటో జరుపుకుంటాం. స్టేడియంలో మాంసం లేని తిండి రెండు మూడు రకాలు ఉండి, ఏ కౌంటర్లో దొరుకుతుందో బోర్డు మీద రాసి ఉంటే పెద్దవాళ్ళని తీసుకురావడం మాకు తేలిక.

ఇక మీ క్యాంపస్‌లోనే ఉన్న మా ఎంఎస్ పిల్లలు. వాళ్ళు కట్టే ఫీజులో అథ్లెటిక్స్ ఫీజు కూడా ఉంది, లోన్ తీసుకుని వచ్చి కడుతున్న డబ్బు అది, కానీ చాలామందికి మ్యాచ్ అంటే ఏంటో తెలీదు, తెలీక రారు. ఒకసారి మా ఇంటి దగ్గర అద్దెకుండే నలుగురు కుర్రాళ్ళని తీసుకెళ్ళా. మొదటి క్వార్టర్ అంతా ఫోన్లు చూసుకున్నారు, ఒకడు "అన్నా, ప్రతి అర నిమిషానికీ ఎందుకు ఆపేస్తున్నారు?" అని అడిగాడు. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్ళాలిరా, వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు, వెళ్ళకపోతే బాల్ అవతలోడికి, అంతే అని చెప్పా. మూడో క్వార్టర్‌లో థర్డ్ డౌన్ (మూడో ఛాన్సు) వచ్చేసరికి వాడే ముందు లేచి నిలబడి అరుస్తున్నాడు, పక్కన గ్రీన్ పెయింట్ పూసుకున్న తెల్లపిల్లలు వాడి భుజం మీద చెయ్యేసి ఎగురుతున్నారు. అర్థం కాకపోవడం తప్ప వాళ్ళకి ఇంకే అడ్డూ లేదు. ఆగస్టు ఓరియెంటేషన్‌లో ఇరవై నిమిషాలు ఆట గురించి చెప్పించండి, తెలుగులో ఒక పేజీ నేను రాసిస్తా, హిందీలో, తమిళంలో రాసిచ్చే వాళ్ళు కూడా మీ క్యాంపస్‌లోనే దొరుకుతారు.

ఆ పిల్లల్ని ఫ్యాన్స్‌గానే కాదు, పనికి కూడా తీసుకోండి. మీకు స్కూల్ ఆఫ్ డేటా సైన్స్ ఉంది, ఈ రోజుల్లో నాలుగో డౌన్‌లో తన్నాలా ఆడాలా అన్నది కూడా లెక్కల మీదే నడుస్తోంది, పెద్ద స్కూళ్ళు దీనికి మనుషుల్ని పెట్టి జీతాలిస్తున్నారు. మీ దగ్గర ఆ లెక్కలు చేయగల పిల్లలు క్లాసులో కూర్చుని ప్రాజెక్ట్ దొరకడం లేదని చూస్తున్నారు. ఒక్కో సెమిస్టర్‌కి కొంతమందిని తీసుకుని మ్యాచ్ వీడియోలు ట్యాగ్ చేయడం, హైస్కూల్ ప్లేయర్ల డేటా చూడడం ఇవ్వండి. పెద్దవాళ్ళ కంట పడని రెండంగుళాల పొట్టి కుర్రాణ్ణి వెతకడానికి కూడా అదే దారి.

మా వాళ్ళకి కూడా ఒక మాట. మన పిల్లల్ని ఫుట్‌బాల్ ఆడించడానికి మనకి భయం, తల దెబ్బల గురించి చదివాక ఆ భయం తప్పని నేను అనను, ఎవరింటి నిర్ణయం వాళ్ళది. కానీ మీ ఇంట్లో నిజంగా ఆడాలని ఉన్న పిల్లాడుంటే లారీ ఓగున్‌జోబీ గురించి చెప్పండి. గ్రీన్స్‌బరో దగ్గర నైజీరియా నుంచి వచ్చిన ఇంటి పిల్లాడు, చిన్నప్పుడు విపరీతంగా లావుగా ఉంటే బరువు తగ్గాలని ఇంట్లో వాళ్ళే ట్రైనర్ దగ్గర పెట్టారు, హైస్కూల్లో ఆలస్యంగా ఆట మొదలుపెట్టాడు, ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఈ కొత్త టీమ్‌కి వచ్చాడు. 2017లో క్లీవ్‌లాండ్ వాళ్ళు మూడో రౌండ్‌లో తీసుకుంటే షార్లెట్ నుంచి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో వెళ్ళిన మొదటి మనిషి అయ్యాడు. వాళ్ళమ్మానాన్నలు కూడా మనలాగే సూట్‌కేసులతో దిగినోళ్ళే.

డైరెక్టర్ గారూ, రిక్రూటింగ్ వాళ్ళు అలాంటి ఇళ్ళకి వెళ్ళినప్పుడు ముందు చదువు గురించి, గాయమైతే స్కాలర్‌షిప్ ఏమవుతుంది, డాక్టర్ ఎవరు, డిగ్రీ ఎన్నేళ్ళలో పూర్తవుతుంది అన్నది కాగితం మీద పెట్టి చెప్పమనండి. వలస వచ్చిన ఇంట్లో ఒప్పుకోవాల్సింది అమ్మ, ఆవిడ అడిగే మొదటి ప్రశ్నలు ఇవే. వీలైతే ఆ ఇంటి భాష వచ్చిన స్టూడెంట్‌ని వెంట తీసుకెళ్ళండి, రూల్స్ ఒప్పుకుంటాయో లేదో మీ కంప్లయన్స్ వాళ్ళని అడిగి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, అందుకే అడిగేశాను. బ్యాండ్ డే సంగతి మీరు ఏదనుకుంటే అది చెప్పండి, హారిస్‌బర్గ్, కాంకర్డ్ వైపు బ్యాండ్ బూస్టర్స్ తల్లిదండ్రులతో మాట్లాడే పని నాది, తెలుగులో ఆ ఒక్క పేజీ ఈ నెలలోనే రాసి మీ ఆఫీసుకి పంపిస్తా.

ఇట్లు,
యూనివర్సిటీ సిటీ నుంచి ఒక పాత స్టూడెంట్, బ్యాండ్ పిల్ల తండ్రి