వార్షిక నివేదిక: బోట్ల వైర్‌లెస్ సెట్లకు కరెంటు అందని ఇబ్బందులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉండి, బోట్లు విశాఖ చేపల రేవులోనే నిలిచిపోతాయి. ఈ సంవత్సరం ఆ 61 రోజులను మన సంఘం ప్రధానంగా వీహెచ్‌ఎఫ్ సెట్ల (బోట్లలో మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్ల) కరెంటు ఇబ్బందులను పరిశీలించడానికి వినియోగించింది. సభ్యుల ఫిర్యాదు దాదాపు ఒకే తీరున ఉంది. సెట్టు వెలుగుతుంది, అవతలివారి మాట వినిపిస్తుంది, కానీ జవాబివ్వబోయి మైకు మీట నొక్కగానే తెర ఆరిపోతుంది. మరమ్మతుకు ఇస్తే అక్కడ బల్ల మీద చక్కగా పలికి, బోటులోకి తిరిగి రాగానే మళ్లీ మొరాయిస్తుంది.

వినేటప్పుడు ఈ సెట్టు సుమారు అర ఆంపియరు తీసుకుంటుంది. 25 వాట్ల మీద మాట్లాడేటప్పుడు 5 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. ఏదో ఒక అతుకులో చిలుము పట్టి అర ఓము నిరోధం ఏర్పడిందనుకుంటే, వినేటప్పుడు అక్కడ పోయేది పావు వోల్టే గనుక ఎవరికీ తెలియదు. 5 ఆంపియర్లు పారినప్పుడు మాత్రం రెండున్నర వోల్టులు అక్కడే హరించుకుపోయి, 12.5 వోల్టుల బ్యాటరీ నుంచి సెట్టుకు చేరేవి పదే అవుతాయి. అందువల్ల 1 వాటు మీద పలికి 25 వాట్ల మీద ఆరిపోయే సెట్టును విప్పడానికి ముందు వైరును చూడాలని మా అభిప్రాయం.

ఒక బోటులో సెట్టు వెనుక మీటరు 12.6 చూపడంతో వైరింగు బాగుందని అందరూ తేల్చేశారు. మీట నొక్కి పట్టి చూస్తే అదే చోట 9.8కి పడిపోయింది, బ్యాటరీ టెర్మినళ్ల మీద మాత్రం 12.4 నిలిచే ఉంది. ఎర్ర వైరులో, ఫ్యూజులో తేడా కనిపించలేదు. బ్యాటరీ నెగటివ్‌కు వెళ్లే నల్ల వైరును ఎవరూ అనుమానించరు. దానికి ఇంజను గది గోడ దగ్గర ఎప్పుడో వేసిన అతుకు ఉంది. టేపు విప్పగానే పచ్చని చిలుము పొడిగా రాలి, లోపల నాలుగైదు రాగి పోగులే పట్టుకుని ఉన్నాయి. అంతకుముందు ఆ యజమాని కొత్త సెట్టు కొనడానికి కూడా సిద్ధమయ్యారు.

పరీక్షించేటప్పుడు యాంటెన్నా తప్పక తగిలించి ఉంచాలి. ఆపద పిలుపుల కోసం ఉన్న 16వ ఛానెల్‌ను ఇందుకు వాడరాదు. ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టిన బోట్లు ఇంకా కనిపిస్తున్నాయి. వైరు కాలి మంటలు లేచే ప్రమాదం ఉన్నందున దీన్ని ఉపేక్షించలేము. 24 వోల్టుల బోట్లలో రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచే సెట్టుకు కరెంటు తీయడం వల్ల ఆ బ్యాటరీ త్వరగా దెబ్బతింటోంది కనుక, 24 వోల్టులను 12కి తగ్గించే కన్వర్టరు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాము.

తగరపు పూత ఉన్న వైరును, ఫ్యూజులను సంఘమే టోకున తెప్పించి కొన్న ధరకే ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. మల్టీమీటరు కార్యాలయంలోనే ఉంటుంది. కావలసినవారు పుస్తకంలో సంతకం చేసి తీసుకుని, సాయంత్రానికి తిరిగి అప్పగించవలెను. ఇప్పటికి రెండుసార్లు అది కూడా బోటుతో పాటు వేటకు వెళ్లివచ్చింది.