మైపాడు అలల గురించి మన సర్ఫింగ్ సంఘం సభ్యులకు

అందరికీ నమస్కారం. వాయుగుండం కారణంగా అధికారులు మూసిన నెల్లూరు జిల్లా మైపాడు తీరం ఈ రోజు కూడా మూసే ఉంది. ఉదయం వెళ్లి చూశాను. గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తోంది, అల నిటారుగా లేచి ఒక పక్క నుంచి శుభ్రంగా విరుగుతూ పోతోంది. ఏడాదంతా మనం ఎదురుచూసేది ఇలాంటి అల కోసమే. ఒడ్డున నిలబడి చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

అసలు మూయవద్దని అనను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను మన తీరం వెంబడే సాగి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు నీళ్లలో ఎవరికీ పని లేదు. కానీ వాయుగుండం ఎక్కడో నడిసముద్రంలో ఉన్నప్పుడు కూడా, స్నానాలకు వచ్చే కుటుంబాలకూ బోర్డు కాలికి కట్టుకుని దిగే మనకూ ఒకే ఆంక్ష పెట్టడం, ఎప్పుడు ఎత్తేస్తారో చెప్పకపోవడం న్యాయం కాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తును ముందే చెబుతోంది. దాన్ని చూసి రోజూ ఉదయం నిర్ణయం తీసుకోవచ్చు కదా!

సరుగుడు తోపుల్లోంచి చాటుగా మాత్రం ఎవరూ దిగవద్దు. మనవాళ్లు కొట్టుకుపోతే ఆ అలల్లో పడవ దించాల్సింది మత్స్యకారులే.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. వినతిపత్రం సిద్ధంగా ఉంది, సంతకాలు పెట్టేవారు ఉదయం పదింటికల్లా అక్కడికి రండి.