బోర్డు మీద ఒక్క అక్షరం

సంపాదకులకు,

డాబాగార్డెన్స్‌లో డీటీపీ పని చేస్తుంటాను. పుస్తకాల షాపుల బోర్డుల మీద ‘స్టేషనరీ’ ఇంగ్లిష్ స్పెల్లింగు తప్పుగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాగితాలు, పెన్నులైతే చివర ‘ఈ ఆర్ వై’ రావాలి. ‘ఏ ఆర్ వై’ రాస్తే కదలకుండా ఉన్నదని అర్థం. పలకడం ఒకటే కాబట్టి తికమక సహజమే, పైగా రెండింటికీ మూలం లాటినే. మధ్యయుగాల్లో ఊరూరా తిరుగుతూ అమ్ముకునేవాళ్లలా కాకుండా, యూనివర్సిటీల దగ్గర ఒకేచోట కొట్టు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని ‘స్టేషనర్’ అన్నారు. అతని సరుకే స్టేషనరీ. లండన్‌లో వాళ్ల సంఘానికి 1557లోనే రాజముద్రతో అనుమతి పత్రం దక్కింది.

బడి పిల్లలు రోజూ చూసే బోర్డులివి. మేం దిద్దుతామంటే ‘పాత బోర్డులో ఉన్నట్టే కొట్టెయ్’ అనొద్దని షాపులవాళ్లకు నా మనవి.

– ఒక డీటీపీ ఆపరేటర్, విశాఖపట్నం