శనివారం చూడబోయే క్యాటలీనా 30 గురించి

అందరికీ నమస్కారం. శనివారం చూడటానికి వెళ్తున్న ఈ తెరచాప బోటు 1978 నాటిది. ధర చూసి మురిసిపోకండి. అసలు ఖర్చు కొన్నాకే మొదలవుతుంది.

నాకు మొదటి అనుమానం కీల్ (బోటు అడుగున ఉండే బరువైన రెక్క) మీదే. ఈ మోడల్ పాతవాటిలో హల్ (బోటు బాడీ) అడుగున, కీల్ బోల్టులు దిగేచోట, ఫైబర్‌గ్లాస్ మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది. బిల్జ్‌లో (బోటు లోపలి అట్టడుగున) నీళ్లు నిలిస్తే అది నాని మెత్తబడుతుంది. అప్పుడు కీల్‌కీ హల్‌కీ మధ్య ముందువైపు సన్నటి చీలిక కనిపిస్తుంది. బోటు ఓనర్లు దాన్ని ‘క్యాటలీనా స్మైల్’ అంటారు. పైపైన ఉంటే బోల్టులు బిగించి, సీలెంట్ పెట్టి సరిచేయొచ్చు. చెక్క కుళ్లితే మాత్రం పెద్ద పనే. నీళ్లలో ఉండగా ఇదేదీ తేలదు. బోటు పైకి ఎత్తించే ఖర్చు మామూలుగా కొనేవాళ్లదే అయినా, దాన్ని మాత్రం మిగుల్చుకోవద్దు.

డెక్‌ని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్లండి, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు. ఖంగుమంటే సరే. మొద్దుగా పలికితే లోపల తడి చేరినట్టే. ముఖ్యంగా చైన్‌ప్లేట్ల (తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగలను బోటుకి బిగించే లోహపు పట్టీల) చుట్టూ చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలే కదా అనుకోవద్దు: డెక్ దాటే చోట, గాలి ఆడక, కంటికి కనబడకుండా తుప్పు తింటుంది.

తెరచాపలు పాతవైనా ఫర్వాలేదు. స్తంభం తీగలు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి.

ఇంజిన్ పెట్రోల్‌ది, ఆటమిక్ 4. స్టార్ట్ చేసేముందు బ్లోవర్ (ఇంజిన్ చోటులోని గాలిని బయటికి తోసే ఫ్యాన్) కొద్ది నిమిషాలు తిప్పాలి, పెట్రోల్ ఆవిరి బయటికి పోవాలి. ఓనర్‌ని ఇంజిన్ ముందే వేడెక్కించొద్దని చెప్పాను. చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో మనమే చూద్దాం.

టార్చి ఎవరు తెస్తున్నారు?