ఆ కాలంలోనే అడిగినావిడ ఉంది

సంపాదకులకు నమస్కారం.

పాత రచయితల్లో ఎవరి తప్పునైనా ఎత్తి చూపితే చాలు, “నేటి కొలతతో నిన్నటివాళ్లను కొలుస్తారా?” అంటూ మీ పేజీకి ఉత్తరాలు వస్తున్నాయి. నేను తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. ఆ మాట చాలాకాలం నాకూ సబబుగానే తోచింది. ఇప్పుడు తోచడం లేదు. ఎందుకో కందుకూరి వీరేశలింగం గారి విషయంలోనే చెబుతాను. ఆయనంటే నాకు చాలా గౌరవం కాబట్టే ఈ ఉదాహరణ.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి, వెలివేతకూ వెరవని మనిషి ఆయన. అలాంటి ఆయన కవుల చరిత్ర రాస్తూ ముద్దుపళని దగ్గరకు వచ్చేసరికి మాట కరుకైపోయింది. ఆమె 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసిన దేవదాసి, కవయిత్రి. అందులో కొన్ని చోట్లు ఆడవాళ్లు వినడానికే తగవని ఆయన తీర్పు. పైగా ఆమె పుట్టుకనూ వృత్తినీ ఎత్తి ఈసడింపు.

పోనీ, కాలం అలాంటిదని సరిపెట్టుకుందామా? ఆ కాలపు గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు సరిపెట్టుకోనివ్వరు. 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తూ, సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ముందుమాటలో నిలదీశారు. మగ కవులు ఇంతకంటే పచ్చిగా రాస్తే లేని అభ్యంతరం ఈమె దగ్గరే ఎందుకన్నారు. వీరేశలింగం గారు అప్పటికి బతికే ఉన్నారు. మరి ఇది నేటి కొలత ఎలా అవుతుంది? “అప్పట్లో అందరూ అంతే” అన్నప్పుడల్లా మనం నాగరత్నమ్మలాంటి వాళ్లను ఆ ‘అందరి’లోంచి తీసేస్తున్నాం.

అలాగని పుస్తకాలనూ పాఠాలనూ తీసేయమనేవాళ్లతోనూ నేను లేను. ఆ పని జరిగితే ఎలా ఉంటుందో ఈ కావ్యమే చూసింది. 1911లో పోలీసులు అశ్లీలమంటూ ప్రతులు పట్టుకుపోయారు. ఆనాటి ఆధునిక నీతి అంటే ఇంగ్లీషు దొరల మర్యాద, అంతే. 1947లో ప్రకాశం పంతులు గారు నిషేధం ఎత్తేసేదాకా ముద్దుపళని పద్యాలు చాటుమాటు సరుకుగానే ఉన్నాయి.

నిరుడు ఆ ముందుమాటను క్లాసులో చదివించాను. ఒకమ్మాయి లేచి, “అయితే వీరేశలింగం గారి పాఠం మానేద్దామా టీచర్?” అని అడిగింది. వద్దన్నాను. తర్వాత ఆ పిల్ల పుస్తకం చేతికొస్తే చూశాను. ఆయన బొమ్మ పక్కన పెన్సిల్‌తో సన్నగా రాసుకుంది: “నాగరత్నమ్మ గారికి ఏం జవాబు చెప్పారు?” బొమ్మ మీద గీత కూడా గీయలేదు.

పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలను నేను అడిగేది ఒక్కటే. ఆయన పాఠం అలాగే ఉంచండి. దాని వెనకే నాగరత్నమ్మ గారి ముందుమాటలోంచి ఒక రెండు పేజీలు వేయండి.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు