ఫ్యాటీ లివర్ అంటే కొవ్వు గురించే రాస్తే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఫ్యాటీ లివర్ మీద ఏం వచ్చినా వదలకుండా చదువుతాను, మా బావగారికి ఆ జబ్బు ముదిరాక బయటపడిన దగ్గర్నుంచీ మరీను. తిండి తగ్గించండి, నడవండి, బరువు తగ్గండి అని రాస్తారు, నిజమే, కాదనను. కానీ కొవ్వు చేరాక లివర్ లోపల ఏం జరుగుతుందో, ఒకరికి ఏళ్ల తరబడి ఏమీ కాకుండా ఇంకొకరికి సిర్రోసిస్ దాకా ఎందుకు వెళ్తుందో మాత్రం ఎక్కడా కనపడదు. జన్యువుల సంగతి అలా ఉంచితే, అందులో పెద్ద పాత్ర మన రోగనిరోధక కణాలదే. అదే పేజీలో పక్కనే 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అని ఇంకో వ్యాసం వేస్తారు. ఈ జబ్బున్న మనిషి ఆ రెండూ చదివి ఏమనుకోవాలి?

పేగుల వైపు నుంచి వచ్చే రక్తం ముందు లివర్‌కే చేరుతుంది, లివర్‌కి అందే రక్తంలో సుమారు ముప్పావు వంతు అదే. దాంతో పాటు వచ్చే బ్యాక్టీరియా ముక్కల్ని, చెత్తని మింగేయడానికి అక్కడ కుప్ఫర్ కణాలు కాపలా ఉంటాయి. కార్ల్ ఫాన్ కుప్ఫర్ అనే శాస్త్రవేత్త పేరే వాటికి పెట్టారు. మామూలు రోజుల్లో ఇవి చప్పుడు లేకుండా పని చేసుకుపోతాయి. లివర్ కణాల్లో కొవ్వు కిక్కిరిసిపోయి అవి దెబ్బతినడం, చచ్చిపోవడం మొదలైతే మాత్రం కుప్ఫర్ కణాలు ఆ శిథిలాలను చూసి ప్రమాదం వచ్చిందని కబురు పంపుతాయి, ఆ కబురు అందుకుని ఎముక మజ్జలో పుట్టిన మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు రక్తంలో ఈదుకుంటూ వచ్చి లివర్‌లో దిగుతాయి. పోను పోను పాత కుప్ఫర్ కణాలు చచ్చిపోయి వాటి చోట్లో ఈ కొత్తవి స్థిరపడతాయి, వీటిలో చాలా వాటికి పాతవాటి నెమ్మది ఉండదు. టి కణాలు కూడా తోడవుతాయి. వైరస్ సోకిన కణాల్ని గుర్తుపట్టి చంపాల్సిన ఈ కణాల్లో కొన్ని, ఏ వైరస్సూ లేకపోయినా లివర్ కణాల్ని చంపేస్తున్నట్టు 2021లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఇదే వాపు, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది. ఈ వాపు ఆరకపోతే స్టెల్లేట్ కణాలకి సంకేతాలు అందుతాయి. అంతవరకూ విటమిన్ ఎ దాచుకుని ఒక పక్కన ఉన్న ఆ కణాలు తీరు మార్చుకుని కొలాజెన్ పోగులు తయారుచేస్తాయి, అదే మచ్చ. మచ్చలు లివర్ అంతా అల్లుకుంటే సిర్రోసిస్.

అలాగని ఇమ్యూనిటీ కణాల్ని అణిచేస్తే చాలనుకోవడమూ తప్పే. దెబ్బ తగులుతున్నప్పుడు మచ్చని పెంచే మాక్రోఫేజ్ కణాలే (కుప్ఫర్ కణాలూ, మోనోసైట్ల నుంచి తయారైనవీ ఈ రకానివే), దెబ్బ ఆగాక ఆ మచ్చని కరిగించడానికీ కావాలని 2005లోనే ఎలుకల్లో చూపించారు. మోనోసైట్లు లివర్‌లోకి రాకుండా అడ్డుకునే సెనిక్రివిరాక్ అనే మందు మీద ఎన్నో ఆశలు పెట్టుకుంటే, మూడో దశ పరీక్షల్లో ఫలితం లేక 2021లో ఆపేశారు. అమెరికాలో 2024లో ఈ జబ్బుకి అనుమతి వచ్చిన రెస్మెటిరోమ్ అనే మందు గానీ, 2025లో ఈ జబ్బుకి కూడా అనుమతి వచ్చిన సెమాగ్లుటైడ్ అనే షుగర్, బరువు మందు గానీ ఇమ్యూనిటీ కణాలకి గురిపెట్టి చేసినవి కావు. లివర్ మీద భారం తగ్గితే వాపు దానంతటదే తగ్గుతుంది, బరువు 7 నుంచి 10 శాతం తగ్గించుకోమని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే.

ఇప్పుడు మా బావగారి విషయం. మొదటి స్కాన్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు, కొన్నేళ్లకి గ్రేడ్ 1 అన్నారు, తగ్గిపోతోందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. అల్ట్రాసౌండ్ గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంతుందో మాత్రమే, వాపు గురించి, మచ్చ గురించి అది చెప్పదు అని మాకెవరూ చెప్పలేదు. మచ్చ బాగా ముదిరితే కొవ్వు తగ్గినట్టు కనిపించడం ఈ జబ్బులో ఉన్నదే. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైము నార్మల్‌గా ఉన్నా లోపల మచ్చ పెరుగుతూ ఉండొచ్చు, ఆయనకి జరిగింది అదే. మచ్చకి ఎఫ్0 (మచ్చ లేదు) నుంచి ఎఫ్4 (సిర్రోసిస్) దాకా వేరే లెక్క ఉందని, వయసు, ఏఎస్‌టీ (ఇదీ అలాంటి ఎంజైమే), ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు ఈ నాలుగు అంకెలతో ఫిబ్-4 అని వేసి మొదటి అంచనాకి రావచ్చని, అనుమానం వస్తే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవచ్చని మాకు తెలిసేసరికి ఆయన కడుపులో నీరు చేరింది. ఆ రక్త పరీక్షల రిపోర్టులన్నీ అంతకు ముందు నుంచీ మా అక్క బీరువాలోనే ఉన్నాయి.

ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉందంటున్నారు, అంటే మీ పాఠకుల్లోనూ ఎంతోమంది ఉంటారు. వాళ్లలో ఎక్కువ మందికి ఏమీ కాదు, భయపెట్టమని నేననడం లేదు. ఈసారి ఈ జబ్బు మీద వ్యాసం వేసినప్పుడు గ్రేడ్ వేరు, మచ్చ వేరు అని, "నా లివర్‌లో వాపు ఉందా, మచ్చ ఎంతవరకు వచ్చింది" అని డాక్టర్‌ని అడగమని ఒక బాక్సు కట్టి వేయండి. ఇమ్యూనిటీ పెంచే పొడులు, లివర్ డిటాక్స్ టానిక్కుల ప్రకటనలు మాత్రం దయచేసి ఆ వ్యాసం పక్కన వద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు